నూట తొంభై ఆరో పేజీ

అయినా ఆ ఫోటో మీద నా చూపు పదకొండు సెకన్లు నిలిచిందని ఈ కాగితానికి ఎవరు చెప్పారు, నాకే తెలియని సంగతి, ఎవరో ఒకావిడ మనవరాలిని ఒళ్ళో కూర్చోబెట్టుకుని దిగిన ఫోటో అది, ఆవిడ వెనక ఉన్న పుస్తకాల అలమరను చూస్తూ ఆగానో, ముందుపళ్ళ నడిమి సందు చూసి నా చిన్ననాటి బెంచీ నేస్తమేమోనని ఆగానో, ఆగిన నాకు కారణం గుర్తు లేదు, ఆగిన కాలం మాత్రం ఇక్కడ అచ్చయి ఉంది, దాని కింది వరుసలోనే ఆ నేస్తం పేరును ఏడాదిలో నలభై ఒక్కసార్లు వెతికానని ఉంది, ఒక దీక్షకు సరిపడా సంఖ్య, ఏ దేవుణ్ణీ అంత పట్టుదలతో పిలిచిన జ్ఞాపకం లేదు నాకు, ముప్పైనాలుగేళ్ళు గ్రంథాలయంలో ఉద్యోగం చేసి, ఇతరులు రాసిన పుస్తకాలకు అంకెలు వేసి అట్టలు కట్టి అలమరలకెక్కించినదాన్ని, విశ్రాంతి తీసుకునే వయసులో నా మీదే మూడువందల పన్నెండు పేజీల గ్రంథం వెలువడుతుందని ఏ జ్యోతిష్కుడు చెప్పాడు, కర్త పేరు లేదు, పీఠిక లేదు, దయ అసలే లేదు, వకీలమ్మ గుమాస్తా దీన్నంతా అచ్చు తీసి, అడ్డంగా దారం కట్టి, చదువుకుంటూ ఉండండమ్మా, మేడమ్ కోర్టు నుంచి వచ్చేసరికి పన్నెండవుతుంది, కంపెనీవాళ్ళు మీ గురించి ఏమేం మూటగట్టారో మీకే తెలుస్తుంది అని నా ఒడిలో పెట్టి తన టైపు బల్ల దగ్గరికి వెళ్ళిపోయాడు, నేను వకీలమ్మ ఆఫీసు ముందుగదిలో, గోడగడియారానికి ఎదురుగా, ఒక కాలు పొట్టిదైన కుర్చీలో కూర్చుని, నన్ను నేను పేజీ తిప్పి చూసుకుంటున్నాను, చిత్రం ఏమిటంటే కోపం రావడం లేదు, తరువాతి పేజీలో ఏముందోనన్న ఆత్రమే వస్తోంది.

పదమూడు రోజుల కిందట వచ్చింది ఆ ఉత్తరం, నేను ఫోనులో ఫోటోలు పెట్టుకునే కంపెనీ నుంచి, ఉత్తరమంటే ఫోనులో వెలిగి ఆరిన నాలుగు పంక్తులు, మీ ఖాతా వివరాలను ఇవ్వవలసిందిగా ఒక ప్రభుత్వశాఖ మమ్మల్ని కోరినది, పదునాలుగు దినములలో మీరు న్యాయస్థానములో అభ్యంతరము తెలుపనియెడల ఇచ్చివేయుదుము, ఇవ్వబోవు వివరముల ప్రతి జతపరచితిమి, ఇంత మర్యాదగా నన్ను ఎవరూ బెదిరించలేదు, ఎందుకు కోరారో కూడా కింద ఉంది, పుకార్ల మూలమును గుర్తించుట కొరకు, ఆ పుకారు మా పేట కుళాయిల్లో పచ్చగా వస్తున్న నీళ్ళు, నేను చేసినదల్లా పొద్దున్నే ఒక గాజుగ్లాసులో ఆ నీళ్ళు పట్టి, కిటికీ వెలుగుకు ఎత్తిపట్టి, ఫోటో తీసి, పుస్తకం మీద ముద్ర వేసినట్టు తేదీ వేసి, కుళాయి కబుర్లు అని పేరు పెట్టుకున్న పేజీలో అతికించడం, నా పేరు ఎక్కడా లేదు, గ్లాసు పట్టుకున్న మూడు వేళ్ళు తప్ప నేనూ లేను, చూసేవాళ్ళు తొమ్మిది వేలయ్యారు, అప్పుడొకనాడు చుక్క అనే మారుపేరుతో ఎవరో నాకొక్కదానికే కనబడేట్టు రాశారు, అమ్మా, నేను నీళ్ళ పరీక్షశాలలో పనిచేస్తాను, లోపల రాసే రిజిస్టరు వేరు, బయట అంటించే కాగితం వేరు, రెండూ పంపిస్తున్నాను, నా పేరు మాత్రం అడగొద్దు, ఈ ఉద్యోగం మీద నలుగురం బతుకుతున్నాం అని, అమ్మా అని ఎందుకన్నారో, నా వేళ్ళ ముడతలు నా వయసు చెప్పేశాయేమో, నేను ఆ రిజిస్టరు పేజీ పెట్టాను, పేట అట్టుడికిపోయింది, మూడో నాటికి మంచినీళ్ళ బండ్లు వీధుల్లోకి వచ్చాయి, చుక్క తన ఖాతా మూసుకుని మాయమైపోయారు, ఇక వారి జాడ మిగిలింది నా ఖాతాలోనే, శాఖవారికి కావలసింది నేను కాదు, నన్ను మెట్టు చేసుకుని ఎక్కితే అందే చుక్క.

వకీలమ్మ ఇచ్చిన దరఖాస్తులో రెండు గళ్ళున్నాయి, వివరాలివ్వడానికి నాకు సమ్మతమే అన్నది ఒకటి, నాకు అభ్యంతరం ఉంది అన్నది రెండోది, మొదటి గడికి ఒక సంతకం చాలు, రెండో గడి ఎంచుకుంటే పేరు, ఇంటిపేరు, చిరునామా సమస్తమూ రాయాలి, దాన్ని కోర్టు బయట పలక మీద అంటిస్తారు, అంటే ఆ పేజీ నడిపేది ఎవరో ఊరంతటికీ తెలుస్తుంది, నేను మొదటి గడిలో గీత గీయడానికే వచ్చాను, దొంగకు దాపరికం గాని దొరకు దాపరికమేమిటి అనే ఇంట్లో పుట్టి పెరిగాను, పొద్దున బయలుదేరుతుంటే మా ఆడపడుచు కూడా అదే మాట అంది, వదినా, నీ దగ్గర దాచడానికేముందని, మోకాళ్ళ నూనె సీసా, అరిగిపోయిన జపమాల, అడిగిందేదో వాళ్ళ మొహాన పడేసి రా, గవర్నమెంటుతో మనకేంటి, పొట్టేలు పోయి కొండను గుద్దుకున్నట్టు, పగిలేది ఎవరి తలకాయో తెలిసిందే కదా, నేనన్నాను, నేను గుద్దుకోను తల్లీ, అడిగింది ఇచ్చేసే వస్తాను అని, అదీ ఒక మూల నిజమే, ఇంకో మూల, చెప్పుకోకూడదు గాని, వాళ్ళు పట్టుకుంటే చుక్క ఎవరో నాకూ తెలుస్తుంది కదా అనే ఒక చిన్న ఎలుక నా లోపల ఎక్కడో కొరుకుతూనే ఉంది, దాచడానికేముంది అన్న ఈ ఆడపడుచే ఇంట్లో ఒక్కతే ఉన్నా స్నానాల గదికి గడియ పెట్టుకుంటుంది, ఎందుకే, ఎవరున్నారని అంటే, అలవాటు వదినా, మనుషులు లేకపోతే మాత్రం, బకెట్టుకి సిగ్గుండదూ అని నవ్వుతుంది, నవ్వులాటే, కాని ఇప్పుడు పొట్టికాలు కుర్చీలో ఊగుతుంటే ఆ గడియ చప్పుడు వినబడుతోంది, దాచవలసిన పాపమేదీ లేని మనిషి వేసుకున్న గడియ, మరి అది ఎందుకు.

డెబ్భైమూడో పేజీలో ఆమె మీద కోపం వచ్చిన రోజున నేను ఫోనులో రాసి, పంపకుండా చెరిపేసిన నాలుగు ముక్కలున్నాయి, మీ అన్నయ్య పోయాక ఈ ఇల్లు నాకు సత్రంలా ఉంది అన్న ముక్కతో సహా, ఆ పూట చెరిపేసి, ముఖం కడుక్కుని, ఆమెకు కాళ్ళు పట్టేశాయంటే కాపడం పెట్టాను, మనసులో పుట్టి పెదవి దాటని మాటను పాపమని ఏ శాస్త్రమూ గట్టిగా అనలేదు, పెదవి దాటనివ్వకపోవడమే కదా సంస్కారమంటే, ఇక్కడ మాత్రం ఆ సంస్కారానికి వరుస లేదు, చెరిపిన మాటకు తేదీ ఉంది, గంట ఉంది, కాపడం పెట్టినట్టు ఎక్కడా లేదు, ఇది నా గురించి అన్నీ తెలిసిన పుస్తకమా, ఏమీ తెలియని పుస్తకమా, నూట నలభైలో ఇంకా వింత, నా ఫోనులో ఉన్న నంబర్లన్నీ పేర్లతో సహా వరుసగా, పాలతను, పళ్ళ డాక్టరు, గ్యాసు బండి, నాతో కలిసి పారాయణం చేసే స్నేహితురాలు, ఆమె దగ్గర ఆగింది నా వేలు, రొమ్ములో గడ్డలాంటిదేదో తగులుతోందే, ఇంట్లో చెప్పలేదు, నీకొక్కదానికే చెబుతున్నాను, ఏ డాక్టరమ్మ మంచిది అని ఆమె రాసింది, నేను రాసిన జవాబు, ఆమె రాసిన కృతజ్ఞత, అన్నీ అక్షరం పొల్లుపోకుండా, ఆమె ఏ కుళాయికీ ఫోటో తీయలేదు, ఏ పుకారూ పుట్టించలేదు, నా స్నేహితురాలు కావడం తప్ప ఆమె చేసిన నేరమేదీ లేదు, నేను మొదటి గడిలో గీత గీస్తే ఆ గడ్డ సంగతి కూడా ఏదో ఒక గదిలో ఎవరో ఒక మనిషి బల్ల మీదికి పోతుంది, ఆ మనిషి నా వరసే అయితే పదకొండు సెకన్లు ఆగి చదువుతాడు.

వేయి నామాల్లో సాక్షి అని ఒక నామం వస్తుంది, అరవై ఏళ్ళుగా రోజూ పలుకుతున్నాను గాని దాని దగ్గర ఎప్పుడూ ఆగలేదు, ఈ పొద్దు ఎందుకో నాలుక అక్కడ తట్టుకుంది, సర్వమూ చూసేవాడు, గుండెలో కూర్చుని చూసేవాడు, తలుపులూ గడియలూ అక్కర్లేనివాడు, ఆయన చూస్తున్నప్పుడు లేని జంకు వీళ్ళు చూస్తామంటే ఎందుకు, ఆయనకు ఇచ్చుకున్నదే వీళ్ళకూ ఇచ్చేస్తే ఏం పోతుంది, ఇది నిన్నటి నుంచీ నన్ను తొలుస్తున్న ప్రశ్న, ఆయనకు తెలిసినంత ఈ మూడువందల పన్నెండు పేజీలకూ తెలియదు, కాపడం సంగతి ఆయనకు తెలుసు, అదొక తేడా, అదొక్కటే తేడా కాదని అనిపిస్తోంది గాని రెండోది చేతికి చిక్కడం లేదు, నీళ్ళలో పడిన సబ్బుబిళ్ళలా జారిపోతోంది.

ఏమ్మా, ఎంతవరకు వచ్చారు, అని గుమాస్తా బల్ల దగ్గర నుంచే కేకేశాడు, నూట ఎనభై దాటాను నాయనా అన్నాను, అయితే దగ్గర్లోనే ఉన్నారు, నూట తొంభై ఆరులో ఉంది చూడండి, ఆ చుక్క ఎవరో, వాళ్ళ నంబరు, ఏ ఫోను, ఏ వీధిలోంచి పంపారు, అంతా ఉందమ్మా, నేను అచ్చు తీస్తూ చూసి పక్కకి తిరిగిపోయా, మనకెందుకని, మీదే కదా, మీరు చూసుకోవచ్చు, పైగా నంబరు తెలిస్తే పేరెంతసేపు అని మళ్ళీ టకటకా కొట్టుకుంటూ పోయాడు, నా చెయ్యి పేజీల అంచు మీద ఆగిపోయింది, పద్నాలుగు, పదిహేను కాగితాలు అడ్డం, అంతే, రెండు నెలలుగా ఎన్ని ఊహలు పోయాను, వాక్యాల్లో ఆడో మగో పొక్కనివ్వని జాగ్రత్త, రిజిస్టరు ఫోటోలో మూలగా పడిన బొటనవేలు, గోరు పక్కన కాలిన మచ్చ, ఒకసారి మాత్రం, మా మేడ మీద పావురాల గోల భరించలేకున్నాం అన్న మాట, పావురాలున్న మేడలు మా పేటలో ఎన్నో లెక్క కూడా వేశాను, కూరల బజారులో నా పక్కన నిలబడినవాళ్ళ బొటనవేళ్ళు చూశాను, నిజం, సిగ్గు విడిచి చూశాను, ఏం చేద్దామని, ఏమీ లేదు, తెలుసుకుందామని, ఊరికే, పిల్లి కడుపు నిండాక కూడా ఎలుకను చూసినట్టు, పుకార్ల మూలమును గుర్తించుట కొరకు అని రాసిన ఆ శాఖ మనిషి కూడా ఇలాగే వేళ్ళు చూస్తూ తిరుగుతున్నాడేమో, అతనికి కాగితం బలం ఉంది, నాకు లేదు, కుతూహలం మాత్రం ఒక్క తల్లి బిడ్డే.

గడియారం పన్నెండు కొట్టింది, నా చేతి గడియారంలో ఏడు నిమిషాలు దాటింది, అది మా మేడమ్ వాళ్ళ తాతగారిదమ్మా, వెనకబడుతుంది, బాగుచేసేవాళ్ళేరీ ఇప్పుడు అన్నాడు గుమాస్తా, బాగుచేసేవాడు ఒకడుండేవాడు, ఒక కంటికి భూతద్దం బిగించుకునే గడియారాల అతను, ఎన్నేళ్ళయింది అతణ్ణి తలుచుకోక, కాదు, తలుచుకోకుండా ఉండడానికి ఎన్నేళ్ళు పాటుపడ్డాను, నాకప్పుడు ముప్పై ఏళ్ళు, పుస్తకం తీసుకెళ్ళినవాళ్ళ పేరు రాసిన చీటీలను నేను పెట్టెలో వరుసగా దాచేదాన్ని, తీరికవేళ వాటిని తిరగేసి, ఎవరు ఏమి చదువుతున్నారో, చదివి ఏమవుతున్నారో ఊహించుకోవడం నాకొక వినోదం, కథలకన్నా బాగుండేది, అతని చీటీలు మూడు ఒక నెలలో వచ్చాయి, విడాకుల చట్టం, విషాలు వాటి విరుగుళ్ళు, ఒంటరి తల్లుల పిల్లల పెంపకం, మూడింటినీ పక్కపక్కన పెట్టి చూశాను, ఈ మనిషి భార్యను వదలబోతున్నాడు, లేదా అంతకన్నా ఘోరం, అతని భార్య ఒకరోజు అల్లికల పుస్తకం కోసం వస్తే, మంచి చేస్తున్నాననే అనుకుని, చేతిమీద చెయ్యి వేసి, మీ ఆయన్ని కాస్త కనిపెట్టి ఉండమ్మా, ఏం చదువుతున్నాడో చూస్తున్నావా అన్నాను, ఆ సాయంత్రం ఆవిడ వీధిలో పెట్టి నిలదీసిందట, ఎవతి కోసం నన్ను వదులుతావు అని, అతను ముందు లోపలికి పద, చెబుతాను అన్నాడట, చివరికి ఆవిడ ఏడుస్తూ విషం మాట ఎత్తేసరికి, విషం పుస్తకం నా పనికే, ఇత్తడి చక్రాలు కడిగే మందు చేతికి అంటితే ఏం చెయ్యాలో చూసుకుందామని, మిగతా రెండూ నాకు కాదు, పైవాటాలో ఉండే ఆవిడకి, మొగుడు బయట తాళం పెట్టి పోతాడు, ఆవిడెలా వెళ్తుంది లైబ్రరీకి, కిటికీలోంచి అడిగింది, తెచ్చిచ్చాను అని అరిచాడట, ఆ మొగుడు అప్పుడే పని నుంచి వచ్చి మెట్ల దగ్గర నిలబడి ఉన్నాడు.

వారం తిరక్కముందే పైవాటా ఖాళీ అయింది, ఎక్కడికి పోయారో ఎవరికీ తెలియదు, ఆమె ఏమైందో నాకు ఈ నిమిషానికీ తెలియదు, గడియారాల అతను ఆ చట్టం పుస్తకం తెచ్చి నా బల్ల మీద పెట్టి, మీరు చీటీలు బాగా చదువుతారు మేడమ్ అన్నాడు, అంతే, మళ్ళీ గుమ్మం తొక్కలేదు, పుస్తకం తెరిస్తే పదిహేడో పేజీ మూల మడిచి ఉంది, అక్కడిదాకానే చదవగలిగింది ఆమె, నేను పెద్ద పండితురాల్ని, మూడు చీటీలతో ఒక హంతకుణ్ణి తయారుచేశాను, ఆ మడత నేనెప్పుడూ విప్పలేదు, మర్నాటి నుంచి పుస్తకం తిరిగిరాగానే చదివినవాళ్ళ కళ్ళెదుటే చీటీని నాలుగు ముక్కలు చేసి బుట్టలో వేయడం మొదలుపెట్టాను, ఒక ఏడాది తనిఖీకి వచ్చిన అధికారి, ఇదేం పద్ధతమ్మా, ఎవరు ఏం చదివారో రేపు ఎవరైనా అడిగితే ఏం చెబుతారు అని గద్దించాడు, పుస్తకం తిరిగొచ్చిందండీ, మనిషితో ఇంక మనకేం పని అన్నాను, అప్పుడు అంత గట్టిగా అన్నదాన్ని, ఆ వేళ్ళే ఈ రోజు పద్నాలుగు కాగితాల అంచు పట్టుకుని గింజుకుంటున్నాయి, దాచడానికి నా దగ్గర ఏముంది అని మొదటి గడి వైపు చూస్తున్నాయి, గడియారాల అతనికి మాత్రం దాచడానికి ఏముంది, అతనికి సొంత రహస్యం ఒక్కటీ లేదే, అతని చీటీలో ఉన్నది పై అంతస్తు కిటికీ.

వకీలమ్మ వచ్చింది, నల్లకోటు చేతి మీద వేసుకుని, ఒకప్పుడు మా గ్రంథాలయంలో మూల బల్ల దగ్గర కూర్చుని న్యాయశాస్త్రం చదువుకున్న పిల్లే, చాలాసేపు కూర్చోబెట్టేశానా మేడమ్, చదివారా, ఎలా ఉంది మీ జీవితచరిత్ర అంది, వ్యాకరణం బాగుంది, భావం లేదు అన్నాను, పకపకా నవ్వి కుర్చీ దగ్గరికి లాక్కుంది, ఏ గడి అంది, అభ్యంతరమంటే గెలుస్తామా అన్నాను, గెలుస్తామని అబద్ధం చెప్పలేను మేడమ్, కానీ మీరు ఊరుకుంటే ఎల్లుండికి ఇచ్చేస్తారు, మీరు అడ్డంపడితే జడ్జిగారు ముందు వాళ్ళని అడగాలి, ఇవన్నీ మీకెందుకు అని, ఇంతవరకు వాళ్ళని ఆ మాట అడిగినవాళ్ళు లేరు, మీ పేరు మాత్రం బయటపడుతుంది, పొద్దున్నే గుమ్మంలో ఎవరెవరు నిలబడతారో చెప్పలేను, ఆలోచించుకోండి అంది, నేను ఆలోచించలేదు, ఇవన్నీ మీకెందుకు అన్న ఆ ఒక్క ప్రశ్న నా మనసులో దీపంలా నిలబడింది, ఇన్నాళ్ళూ ఎవరు, ఎక్కడ, ఏ వేలు అని పరుగెత్తిన నా కుతూహలం మొదటిసారి అడగవలసిన ప్రశ్న అడిగినట్టనిపించింది, దారం ముడి విప్పి, నూట తొంభై అయిదు దాకా ఎత్తి, తరువాతి కాగితాన్ని అచ్చు కింది వైపు ఉండేట్టు లాగి, చూడకుండా, నాలుగు ముక్కలు చేసి బల్ల కింద బుట్టలో వేశాను, అయ్యయ్యో అదేంటమ్మా అలా చింపేశారు, ఇంకో కాపీ తీయమంటారా అని గుమాస్తా లేచి నిలబడ్డాడు, వద్దు నాయనా, నేను చింపితే పోయేది కాదని నాకూ తెలుసు, అసలుది వాళ్ళ యంత్రంలో చెక్కుచెదరకుండా ఉంటుంది, అందుకే కదా ఇది కూడా నింపాలి అని రెండో గడిలో గీత గీశాను.

పేరు ఇంటిపేరుతో సహానా అన్నాను, సహా మేడమ్ అంది వకీలమ్మ, అడక్కుండా ఎవరో లాక్కున్న పేరు కాదు, నేనే నా చేత్తో రాసుకుంటున్న పేరు, మొదటి అక్షరం నుంచే పుస్తకాల వెన్నుల మీద రాసినప్పటి గుండ్రటి రాతే మళ్ళీ వచ్చింది, ఆ జారిపోయిన సబ్బుబిళ్ళ అప్పుడు చేతికి చిక్కింది, ఆ సాక్షికి ఇంతమంది లోపలి సంగతులు యుగాలుగా తెలుసు, ఒకరి మాట ఇంకొకరి చెవిన వేసినట్టు ఎక్కడా లేదు, పైవాటా ఆమె ఎక్కడుందో ఆయనకు తెలుసు, నాకు చెప్పలేదు, చెప్పడు, చుక్క ఎవరో నాకు ఇక ఎప్పటికీ తెలియదు, తెలియకపోవడం ఇంత తేలికగా ఉంటుందని డెబ్భై ఏళ్ళకు తెలిసింది, ఇంటి నంబరు రాశాను, వీధి పేరు రాశాను, అభ్యంతరమునకు కారణము అని ఒక ఖాళీ గీత మిగిలి ఉంటే, దాచుకోవడానికి నా దగ్గర ఏమీ లేదు, దాచమని నాకిచ్చినవి ఉన్నాయి, అని రాసి, చివర చుక్క పెట్టాను.